ఎల్స్పెత్‌కి ఏ క్లబ్బులు

బాల్కర్రీ, ఫైఫ్
14 ఏప్రిల్ 1987

చిరంజీవి ఎల్స్పెత్‌కి మీ నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. చలి తగ్గాక మీ అమ్మ మోకాలు కొంచెం మాట వింటోంది. మీ అన్న రోరీ చేపల లారీ తోలుతూ వారానికి నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటున్నాడు. నీ ఉత్తరం చేరి పది రోజులైంది. "నలభై ఏళ్లు ఊరందరికీ గోల్ఫ్ క్లబ్బులు చేసిపెట్టావు. కూతురు ఏవి కొనుక్కోవాలో చెప్పడానికి పది రోజులా?" అని మీ అమ్మ రోజూ సాధిస్తోంది.

అడిగినవి ముందు చెబుతాను. నీతో పనిచేసే నర్సులు పద్నాలుగు క్లబ్బుల పూర్తి సెట్టు కొంటున్నారని రాశావు. మొదలుపెట్టేవాళ్లకి అన్నెందుకు? ఏడు చాలు. దూరం కొట్టడానికి చెక్క తలవి రెండు, ఇనుపవాటిలో అయిదు, ఏడు, తొమ్మిది నంబర్లు, ఇసుక గుంటలోంచి బంతిని లేపడానికొకటి, చివర గుంటలోకి దొర్లించడానికి పటర్. సంచీ భుజాన వేసుకున్నా నడక బరువనిపించకూడదు. డాక్టరుగారి భార్య, ఆయన పాత సెట్టు ఇస్తాను పొట్టిగా కోయించుకోమందని రాశావే, అది తీసుకోకు. కోస్తే క్లబ్బు పొడుగు కాడ బిగుసుకుపోతుంది, తల బరువు చేతికి తెలియదు. పిడి సన్నగా ఉండేలా చూసుకో. నీవి మీ అమ్మ వేళ్లు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "నా మణికట్లు బలహీనమని నీకు తెలుసుగా నాన్నా, బాగా వంగే మెత్తని కాడలే తీసుకోనా?" అన్నావు. పది రోజులుగా ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

మెత్తని కాడలు నెమ్మదిగా ఊపేవాళ్లకి. బలంగా ఊపే చేతిలో పెడితే బంతి ఒక చోటికి కొడితే ఇంకో చోటికి పోతుంది. తప్పు నీదేననుకుని నెల తిరక్కుండా మానేస్తావు. అవును అని రాయడానికి రెండుసార్లు కలం తీశాను, చేయి సాగలేదు.

ఆదివారం రోరీ కొట్లోకి వచ్చి, బల్ల మీదున్న నీ ఉత్తరం చదివాడు.

"దాని మణికట్టుకేం రోగం నాన్నా?" అన్నాడు.

"చిన్నప్పట్నుంచీ అంతేగా."

"నా దగ్గర కూడా అదే పాటా? ఆ రోజు నేనూ ఇసుకదిబ్బ వెనకే ఉన్నా."

తల్లీ, నీకు పదమూడేళ్లప్పటి మాట ఇది. సముద్రం వెనక్కి తగ్గిన సాయంత్రం, గట్టి ఇసుక మీద నువ్వు రోరీ క్లబ్బుతో పాత బంతులు కొడుతున్నావు. నేను ఇసుకదిబ్బ పైనుంచి చూశాను. మూడో బంతి అలల్ని ఆపే రాతికట్ట దాటి పడింది. పదిహేనేళ్ల రోరీ ఎప్పుడూ అక్కడిదాకా కొట్టలేదు. మర్నాడు నువ్వు కొట్లోకి వచ్చి, "నాన్నా, నాకూ ఒక సెట్టు చేసిపెట్టవా" అన్నావు. రోరీ ఆడే జిల్లా పోటీకి వారమే ఉంది. చెల్లెలు తనకంటే దూరం కొడుతుందని తెలిస్తే వాడి గుండె జారిపోతుందని భయపడ్డాను. వాడు గెలిస్తే ఆ పేరు నాదవుతుందన్న ఆశ కూడా ఉంది. వైద్యుడిలా నీ చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఈ మణికట్టు దీనికి పనికిరాదమ్మా. జన్మంతా నొప్పి పడతావు" అన్నాను. నువ్వు ఏడవలేదు. సరే నాన్నా అని వెళ్లిపోయావు.

అది అబద్ధం. నీ మణికట్లకి అప్పుడూ ఏమీ లేదు, ఇప్పుడూ ఏమీ లేదు.

"మరుసటేడే నేనెందుకు మానేశానో ఎప్పుడైనా అడిగావా?" అన్నాడు మొన్న ఆదివారం రోరీ. "క్లబ్బు పట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొచ్చేది. నాకోసం దాన్ని ఆపేశావు. ఇంక నేనేం ఆడతాను?" తలుపు నెమ్మదిగానే వేసుకుని వెళ్లాడు.

నిరుడు నువ్వొచ్చినప్పుడు చేతికి పట్టీ చుట్టుకుని ఉన్నావు. నొప్పా అనడిగితే, "నొప్పేం లేదు. రోగుల్ని ఎత్తాలిగా, నువ్వు చెప్పావని జాగ్రత్త" అన్నావు. ఆ మాటకి నేను లేచి బయటికి వెళ్లిపోయాను. పైపు కాల్చడానికని నువ్వనుకున్నావు.

నిన్న మీ అమ్మకి అంతా చెప్పాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ విన్నది. "ఇరవై ఏడేళ్లు, హ్యూ" అని నా పేరు పెట్టి అంది. అంతే. మళ్లీ దుంపలు చెక్కడంలో పడింది.

నువ్వేం కొనకు. ఏడు క్లబ్బులూ చేసి ఉంచాను. మగవాళ్లకి వేసే గట్టి కాడలే, పాతవి కోసినవి కావు. నీ ఎత్తుకి తగ్గ పొడవులో, తలల బరువు సరిచూసి బిగించాను. ఈ శనివారం పెర్త్‌లో బండి మారి పదకొండున్నరకి మీ ఇన్వర్నెస్‌లో దిగుతాను. స్టేషన్‌కి వస్తే ఇద్దరం మైదానానికి వెళ్దాం. రావాలనిపించకపోతే రాకు. స్టేషన్ సామాన్ల గదిలో క్లబ్బులు నీ పేర ఉంచి మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చేస్తాను. కోపం తగ్గకముందే తగ్గిందని మాత్రం రాయొద్దు. నా మనసు తేలికపడాలని నువ్వు ఇంకోసారి దేన్నీ వదులుకోనక్కర్లేదు.

ఇట్లు,
నీ చేయి పట్టుకుని అబద్ధమాడిన
మీ నాన్న