వదిన ఇచ్చిన ఆవకాయ జాడీ

12 మార్చి 2003, కొవ్వూరు

ఈ రాత్రి వదినకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను. ఆవిడ పెరట్లోకి రాకపోయి ఉంటే బీరు ఇత్తడి గంగాళంలోనే పులవబెట్టేవాణ్ణి.

స్నేహితుడు తెచ్చిచ్చిన మాల్టూ ఈస్టూ సిద్ధంగా ఉన్నాయి. అటక మీది పాత గంగాళం దింపి, చింతపండుతో అద్దంలా తోమాను. ఇంత శుభ్రమైన పాత్ర ఇంకెక్కడ దొరుకుతుందని మురిసిపోయాను కూడా. అప్పుడే వదిన వచ్చి, నా కాళ్ల దగ్గర ఆకుపచ్చగా పారుతున్న నీళ్లు చూసింది.

"ఏంటండీ మరిదిగారూ, లోపల కళాయి ఎప్పుడో పోయిందిగా! చింతపండు పులుపుకే ఇంత చిలుము దిగితే, రోజుల తరబడి పులిసేది ఉంచితే ఏమవుద్దండి? చారు కూడా కాయం అందులో."

మొదటి గ్లాసు అన్నయ్యకే ఇద్దామనుకున్నాను.

మందు మాటెత్తితేనే వదిన మొహం మాడ్చుకుంటుంది. వాళ్ల నాన్న తాగుడు చూసి పెరిగిన మనిషి. అలాంటిది, లోపలికెళ్లి తన ఆవకాయ జాడీ తెచ్చింది. లోపలంతా వేలితో తడిమి, పగుళ్లు లేవని చూసి, వేణ్ణీళ్లతో కడిగి ఎండలో పెట్టింది. గాలి బయటికి పోవాలి, మూత బిగించకూడదని నేను చెబితే, జాడీ మూతికి వాసెన కట్టుకోమని పాత పంచె కూడా చింపి ఇచ్చింది.

"మీరు తాగడం నాకిష్టం లేదు. అలాగని చిలుము తాగుతుంటే చూస్తూ ఊరుకోమంటారా?" అంది.

జాడీ ఇప్పుడు నా మంచం పక్కనే ఉంది. ఎంత కడిగినా ఆవపిండి వాసన పూర్తిగా పోలేదు. కొత్త మామిడికాయలు వచ్చాక వదిన దీన్ని మళ్లీ ఆవకాయకి తీసుకుంటుందా, మందు తగిలిందని పక్కన పెట్టేస్తుందా... అడగడానికి ధైర్యం చాలలేదు. మళ్లీ వాడుకోలేనని తెలిసే ఇచ్చిందేమో.