షార్క్‌ని చూసింది నేను

సెప్టెంబర్ 9, 2007. ఆదివారం

ఈయనకి మతి పోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, రిటైరైన స్ట్రక్చరల్ ఇంజినీర్, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బోట్‌లో ఫారలోన్ దీవుల దాకా వెళ్ళి, ఇనప కేజ్‌లో సముద్రంలోకి దిగి, గ్రేట్ వైట్ షార్క్‌ని చూస్తారట. అక్టోబర్ 13కి బుక్ కూడా చేసేశారు. ఇడ్లీ తింటూ చెప్పారు, కార్‌కి ఆయిల్ మార్పించానని చెప్పినట్టు.

నేను అరిచాను. ఆయన తాపీగా ఇంకాస్త చట్నీ వేసుకుని, కేజ్ ఫొటోలు చూశాననీ, వెల్డింగ్ చాలా బాగుందనీ అన్నారు.

సెప్టెంబర్ 10

మాటల్లేవు. లంచ్ మాత్రం పెట్టాను.

సెప్టెంబర్ 16

బాతెల్ నుంచి విద్య ఫోన్ చేసింది. మీ నాన్నని ఆపవే అన్నాను. కూతురి మాటైతే వింటారని ఆశ. అది పకపకా నవ్వింది. తన చిన్నప్పుడు టీవీలో షార్క్ కనిపిస్తే డాడీ డిన్నర్ కూడా మర్చిపోయేవారు కదా, లెట్ హిమ్ గో, నువ్వు కూడా వెళ్ళు అంది.

నీళ్ళలోకి దిగకుండా బోట్ మీదే ఉండేవాళ్ళకి వేరే టికెట్ ఉందట. తీసుకున్నాను. షార్క్‌ని చూడ్డానికి కాదు. ఈయన్ని ఇంటికి పట్టుకురావడానికి.

అక్టోబర్ 12

హాస్పిటల్‌లో ముప్ఫై ఏళ్ళు అనస్థీషియా ఇచ్చిన డాక్టర్ని నేను. సముద్రం పడకపోతే కష్టం, ముందే వాంతులు రాకుండా టాబ్లెట్ వేసుకోండి అంటే ఈయన వినరు. మత్తుగా ఉండి షార్క్‌ని మిస్ అవుతారట.

అక్టోబర్ 13, సాయంత్రం

శాన్ రామన్‌లో ఇల్లు చేరాం. వేడినీళ్ళ స్నానం చేసినా వేళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఇవాళే రాసేయాలి.

గోల్డెన్ గేట్ బ్రిడ్జ్ కింద నుంచి వెళ్తున్నప్పుడు ఈయన మొహం చూడాలి. ఏ కేబుల్ ఎంత లోడ్ మోస్తుందో పక్కవాళ్ళకి చెప్తూనే ఉన్నారు. బ్రిడ్జ్ దాటాక అలలు పెద్దవయ్యాయి. మాట ఆగింది. కాసేపటికి రెయిలింగ్ పట్టుకున్నారు. ఇక వదల్లేదు. దీవులు కనిపించేసరికి కడుపులో ఏమీ మిగల్లేదు.

రాళ్ళ నిండా సీల్స్. గాలి నిండా పక్షుల రెట్టల వాసన. షార్క్ నిజం సీల్ అనుకుని తినడానికి రావాలని, బోట్ వాళ్ళు కార్పెట్ ముక్కని సీల్ ఆకారంలో కోసి, తాడు కట్టి నీళ్ళ మీదికి వదిలారు. కేజ్ దింపారు. ఈయన వంతు వచ్చింది. చలికి వేసుకునే రబ్బరు వెట్‌సూట్‌లో ఒక కాలు పెట్టి, మళ్ళీ రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తారు.

కెప్టెన్ వచ్చి చూసింది. ఇలా ఉంటే దింపలేనని మర్యాదగానే చెప్పింది. ఈయన వాదించలేదు. ఈయన వాదించకపోవడం నేనెప్పుడూ చూడలేదు. బెంచీ మీద కూలబడి, తడి కళ్ళతో, "గిరిజా, నువ్వు దిగు" అన్నారు.

నాకు ఈత రాదు. పూల్‌లో మోకాళ్ళ లోతు దాటి వెళ్ళను. "ఏవిటండీ ఆ మాటలు?" అన్నాను.

"మన ఇంట్లోంచి ఒక్కరన్నా చూడాలి. వెల్డింగ్ దగ్గర్నుంచి చూశాను. ఏం కాదు."

ఈత రానక్కర్లేదు, కేజ్‌లో నిలబడితే చాలు, గాలి ట్యూబ్‌లో వస్తుంది అని కెప్టెన్ అంది. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలీదు. ఆ మొహం చూసి కాబోలు.

వెట్‌సూట్‌లోకి నన్ను దూర్చడానికి ఇద్దరు కావలసి వచ్చింది. నడుముకి సీసం బరువులు. నోట్లో రబ్బరు ముక్క. చన్నీళ్ళు మెడ దాకా రాగానే ఊపిరి బిగుసుకుపోయింది. పైనుంచి కెప్టెన్, నెమ్మదిగా పీల్చండి, నెమ్మదిగా వదలండి అంటోంది. ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్న ప్రతివాళ్ళకీ నేను చెప్పిన మాట! పాపం, వాళ్ళు నన్నెలా నమ్మారో. నేనూ నమ్మాను. తల ముంచాను.

ఆకుపచ్చ. ఎటు చూసినా ఆకుపచ్చే. ఒక జెల్లీఫిష్ పోయింది. ఇంకేమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అప్పుడు కేజ్‌లో నా పక్కనున్నాయన భుజం తట్టి కిందికి చూపించాడు.

మేమంతా ఎదురుగా చూస్తుంటే అది కాళ్ళ కింద నుంచి వచ్చింది. ఏ తొందరా లేదు. మా కార్ కంటే పొడుగు. పైన బూడిద రంగు, కింద తెలుపు, రెండూ కలిసేచోట చింపిన కాగితం అంచులాంటి గీత. నోరు కాస్త తెరిచే ఉంది, ఏదో చెప్పబోయి ఊరుకున్నట్టు. కన్ను నా పక్క నుంచే జరిగిపోయింది. నన్ను చూసింది. నేను దాని లెక్కలోకే రాలేదు. అదెంత హాయిగా అనిపించిందో! నవ్వొచ్చింది. నవ్వితే నోట్లోకి ఉప్పునీళ్ళు. అయినా నవ్వాను. అది చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. నా కోసమే వచ్చిందనుకున్నాను, అనుకుంటే ఏం పోయింది.

పైకి రాగానే అందరూ ఒకటే కేకలు. నేను మాత్రం వెట్‌సూట్ విప్పించుకుని ఈయన పక్కకెళ్ళి కూర్చున్నాను. ఇన్నేళ్ళు కలగన్నది ఆయన. చూసింది నేను. ఆయన పళ్ళెంలోది నేను తినేసినట్టుంది.

తిరుగు ప్రయాణంలో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. కళ్ళు తెరవకుండానే, "కన్ను ఏం రంగు? అందరూ నలుపంటారు" అన్నారు.

"నీలం," అన్నాను. "ముదురు నీలం."

లేచి కూర్చున్నారు. మొదట్నుంచీ చెప్పమన్నారు. చెప్పాను. తోక ఎలా తిప్పిందో, ఎటు నుంచి ఎటు పోయిందో చేతులతో చూపించాను. చేతులు చాపి తోక ఇంత వెడల్పా, అంత వెడల్పా అని అడుగుతూనే ఉన్నారు. బ్రిడ్జ్ వచ్చింది, వెళ్ళిపోయింది. తల కూడా ఎత్తలేదు.

అక్టోబర్ 14

పొద్దున్నుంచీ ఈయన ఫోన్ మీదే. ముందు విద్యకి. తర్వాత అల్ఫారెట్టాలో ఉన్న తమ్ముడు శేషగిరికి. మా ఆవిడ షార్క్‌తో ముఖాముఖి అంటున్నారు. శేషగిరి దాకా వచ్చేసరికి దాని పొడవు ఇరవై అడుగులైంది. నేను దిద్దలేదు.

అక్టోబర్ 27

పెళ్ళయిన దగ్గర్నుంచీ, శాకాహారులం కదా, సూపర్ మార్కెట్‌లో ఫిష్ కౌంటర్ దగ్గర ముక్కు మూసుకుని దాటిపోతాం. ఇవాళ ఈయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఇద్దరం అక్కడే నిలబడ్డాం. ఏం కావాలని అడిగాడు అవతలి అతను.

ఏమీ వద్దు, పలకరించి పోదామని వచ్చాం అన్నారు.