వంటింటి తూము మళ్ళీ తీశాను వదినా

వదినా,

బాగున్నావా అని అడగడం కుదరదు కదా... అయినా చేతికి ముందు అదే వస్తోంది. నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది.

ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడికి ఉత్తరం ఏమిటని నవ్వుకుంటే నవ్వుకో. నల్లపాడు మెకానిక్ షెడ్డులో చేరినప్పుడు పోస్టు కార్డులు కొనిచ్చి పంపింది నువ్వే. "తిన్నావో లేదో రెండు ముక్కలు రాసి పడెయ్యి మరిదీ, నీ కోడిగీతలు చదువుకునే బాధ నాది" అన్నావు. ఇప్పుడు రెండు ముక్కలతో అయ్యేట్టు లేదు. కోపంతో రాస్తున్నాను.

నీ వంటిల్లు పాడుచేశారు వదినా. నీ పేరు చెప్పి మరీ పాడుచేశారు.

నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వంటిల్లు ఎట్లా ఉండేదో గుర్తుందా? ఇల్లు కట్టేటప్పుడు నాన్న వాస్తు చూపించి నేల వాలంతా ఈశాన్యానికి పెట్టించాడు. వంటిల్లేమో ఆగ్నేయం మూల. మన స్థలమేమో దక్షిణం సందు వైపు పల్లం. పైగా నల్లరేగడి... తడిస్తే పొంగుతుంది, ఎండితే కుంగుతుంది. రెండు వానలు పడేసరికి దాచేపల్లి నుంచి తెప్పించిన నాపరాళ్ళు కాస్తా దక్షిణం గోడ వైపు దిగిపోయాయి. బియ్యం కడిగినా, గిన్నె ఒలికినా, నీళ్ళన్నీ పొయ్యి గట్టు కిందికి పోయి నిలవ ఉండేవి. అమ్మ రోజూ మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో తోడిపోసేది. అదేదో వంటింటి పనిలో ఒక భాగమన్నట్టు అందరం చూస్తూ ఉండేవాళ్ళం.

నువ్వు వచ్చి నెల తిరక్కుండానే నాన్నని వంటింట్లోకి పిలిచావు. చెంబుడు నీళ్ళు నేల మధ్యలో ఒంపావు. ఆ నీళ్ళు నాన్న పెట్టించిన ఈశాన్యం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా దక్షిణం గోడకి పోయి ఆగాయి.

"చూశారా మావయ్యా, దానికి ఎటు పోవాలనుందో" అన్నావు. అంతే.

ఆ మర్నాడు సుత్తీ ఉలీ నా చేతికిచ్చావు. గోడ అడుగున, నేలకి ఆనుకుని కన్నం కొట్టించావు. పైపు ముక్క బయటికి వాలేట్టు పెట్టించి, చుట్టూ సిమెంటు నువ్వే మెత్తావు. ఎలకలు దూరకుండా జల్లెడ ముక్క బిగించావు. గట్టు రాయికీ గోడకీ మధ్య సందులో తెల్ల సిమెంటు పూశావు. బిందెల కింద ఇనప స్టాండు పెట్టించావు. పైపు నీళ్ళు పడేచోట పుదీనా నాటావు. రాత్రి గిన్నెలు తోమాక గట్టు పొడిగుడ్డతో తుడిచిందాకా ఎవర్నీ లోపల అడుగు పెట్టనిచ్చేదానివి కాదు.

ఒకసారి వాన మబ్బు పట్టి, నేనూ అన్నయ్యా కల్లంలో మిరపకాయల మీద పట్టాలు కప్పి రొప్పుకుంటూ ఇంటికొస్తే నువ్వు ఏమన్నావో... "కల్లంలో కాయ తడుస్తుందంటే అందరూ పట్టాలు పట్టుకుని ఉరుకుతారు. ఇంట్లో గోడ తడుస్తుంటే ఒక్కడికీ చలనం ఉండదేం?"

ఇప్పుడూ లేదు వదినా. ఒక్కడికీ లేదు.

నీకు జ్వరం వచ్చింది. మెదడుకి ఎక్కిందని గుంటూరులో డాక్టరు చెప్పాడు. తీసుకురావడం ఆలస్యమైందన్నాడు. మా అందరి ఎదురుగానే చెప్పాడు. నాన్న విన్నాడు, అమ్మ విన్నది, అన్నయ్య విన్నాడు. మరి పెద్దకర్మ నాటికి ఆ మాట అందరి చెవుల్లోంచీ ఎట్లా జారిపోయింది?

ఆ రోజు భోజనానికి మన వాస్తు ఆయన వచ్చాడు. తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి సందువైపు వెళ్ళి నీ తూము దగ్గర ఆగిపోయాడు.

"ఇదేందయ్యా... దక్షిణానికి తూమా? దక్షిణానికి నీళ్ళు పారితే ఇంట్లో ఆడదాని ఆయుష్షు పారినట్టేగా! ఎవరు పెట్టించారు?"

"కోడలేనండీ" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"ఇంకేం! ఎవరు చేసుకుంది వాళ్ళకే తగిలింది."

విన్నావా వదినా? నీ ఇంట్లో నీ పేరున పెట్టిన అన్నం తిని, ఆ చెయ్యి ఇంకా ఆరకముందే అన్న మాట అది. నేను మీదికి పోబోతే నాన్న రెక్క పట్టుకుని లాగాడు. అదే సందులోకి పక్కింటి ఖాసింబీ పిన్ని తూము కూడా దక్షిణానికే పారుతోందిగా. ఆమె పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ పారుతోంది. ఆమె గొంతెత్తితే ఇప్పటికీ సత్తెనపల్లి దాకా వినపడుతుంది. ఆ ఆయుష్షు ఎందుకు పారిపోలేదని అడిగాను. "వాళ్ళ లెక్క వేరు" అన్నాడు. నీళ్ళకి కూడా మనవీ వాళ్ళవీ ఉంటాయా?

మర్నాడే తూము మూసేశారు. అన్నయ్య తలొంచుకుని చూస్తూ నిలబడ్డాడు. నువ్వు పోయిన బాధలో ఉన్నాడు, నిజమే... కానీ ఒక్క మాట, "అది కాదు నాన్నా" అని ఒక్క మాట అనడానికి ఏం పోయింది?

ఇక చూడు. వానాకాలం వచ్చేసరికి గోడ నా మోకాలి ఎత్తుదాకా తడిసిపోయింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా కంచాల్లో రాలింది. గట్టు కింద అలమర తలుపులు ఉబ్బి మూసుకోవడం మానేశాయి. ఆవకాయ జాడీకి బూజు పట్టింది. ఆ తడి పక్క గోడకీ పాకి, అవతల సావిట్లో ఆనించి పెట్టిన మిరపకాయల గోతాలు అడుగున నల్లగా కుళ్ళాయి. ఎర్రగా గలగలలాడిన కాయ వదినా, చేత్తో పట్టుకుంటే పేడలా మెత్తగా... అమ్మ మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది, అదే గుడ్డ పట్టుకుని.

వాస్తు ఆయన్ని పిలిచి చూపిస్తే ఏమన్నాడో తెలుసా? "దోషం బయటికి కక్కుతోంది. కొన్నాళ్ళు ఓర్చుకోండి."

సరే. గోడ కూలినా నేను నోరు మూసుకునే ఉండేవాణ్ణేమో. ఎట్లాగూ హైదరాబాదులో లారీ షెడ్డులో పని ఉందంటే పోదామనుకుంటున్నాను. నా సంగతి నీకు తెలుసుగా, ఒకచోట కాలు నిలవదు.

కానీ పోయినవారం... నీ చిట్టి, ఖాసింబీ పిన్ని మనవరాలూ వాకిట్లో మట్టితో వంటిల్లు కట్టుకుని ఆడుకుంటున్నారు. పొయ్యి పెట్టారు, గట్టు పెట్టారు. ఆ పిల్ల పుల్ల తీసుకుని మట్టిగోడకి కన్నం పెట్టబోయింది. చిట్టి దాని చెయ్యి పట్టేసుకుంది.

"ఒసే, తూము పెట్టొద్దే! మీ అమ్మ చచ్చిపోద్ది. మా అమ్మ అట్టాగే చచ్చిపోయింది."

ఎంత మామూలుగా చెప్పిందో వదినా. నిప్పు కాలుద్ది అన్నట్టు చెప్పింది. నీ బిడ్డకి నువ్వు ఇట్లా మిగిలావు. గోడకి కన్నం పెట్టుకుని చచ్చిపోయిన అమ్మలా! ఎవరు నేర్పారు దానికి? కూర్చోబెట్టి ఎవరూ నేర్పి ఉండరు. ఇంట్లో రోజూ అనుకుంటుంటే పిల్ల వినదా?

సుత్తీ ఉలీ తీసుకుని లోపలికి పోయాను.

మొదటి దెబ్బకే నాన్న పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్ శీనుగా! ఏం చేస్తన్నావురా? ఇంకో శవం లేవాలా ఇంట్లో?"

"లేస్తే నాదే లేస్తది. కొట్టేది నేనేగా!" అన్నాను.

"నాలుగు రోజులు ఒక చోట ఉండని ఎదవవి, నీకేం తెలుసురా ఇల్లంటే?"

చెంబు అందుకుని నేల మధ్యలో నీళ్ళు ఒంపాను, నువ్వు చేసినట్టే. మీ కోడలు దక్షిణానికి పొమ్మని చెబుతోందా దీనికి ఇప్పుడు, అని అడిగాను. నీళ్ళు గోడకి పోయి ఆగాయి. నాన్న సుత్తి లాక్కోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మ చేతిలో గుడ్డ అట్లాగే ఉంది. అప్పుడు గుమ్మంలోంచి అన్నయ్య గొంతు వినపడింది.

"పైపు బయటికి వాలేట్టు పెట్టరా. మీ వదిన అట్టా పెట్టించింది."

ఏడాది తర్వాత నీ గురించి వాడన్న మొదటి మాట అదే. ఇంకా కోపం పోలేదు నాకు. కానీ ఆ మాట నీకు చెప్పాలనిపించింది.

తెల్లారి చూస్తే తూము మళ్ళీ మూసి ఉంది. నాన్నే అనుకుని కస్సున లేచాను. దగ్గరికెళ్ళి చూస్తే గుడ్డ కుక్కి ఉంది. లాగితే చిట్టి పరికిణీ. నువ్వు కుట్టిన పసుపుపచ్చది.

చిట్టి తలుపు చాటున నిలబడి ఉంది. "తీయొద్దు బాబాయ్... నువ్వు కూడా పోతావు" అంది.

ఏం చెప్పాలి వదినా? మెదడు జ్వరం సంగతి దానికి ఏం చెప్పను? నువ్వైతే ఏం చెప్పేదానివి?

చెంబు దాని చేతికిచ్చాను. పొయ్యనంది. నేనే పోశాను. నీళ్ళు గలగలమంటూ బయటికి పోయాయి. అది నీళ్ళ వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది, ఎప్పుడు పడిపోతానోనని. చాలాసేపు చూసింది. తర్వాత సందులోకి తీసుకెళ్ళి నీ పుదీనా చూపించాను. ఎండిపోయింది కానీ, వేళ్ళ దగ్గర ఒక పచ్చటి చిగురు ఉంది. మీ అమ్మ దానికి నీళ్ళు పంపడానికే ఈ తూము పెట్టిందని చెప్పాను. పూర్తిగా నిజం కాదు. ఏం పర్లేదులే.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మంచం దగ్గరికొచ్చి నన్ను కదిలిస్తోంది. "బాబాయ్, ఉన్నావా?"

"ఉన్నానే."

అప్పుడు పోయి చెంబుడు నీళ్ళు తూములో పోసి వస్తుంది. పోశాక మళ్ళీ ఒకసారి వచ్చి చూసుకుంటుంది.

హైదరాబాదు వెళ్ళడం లేదు వదినా. ఇప్పుడు నేను ఊరు దాటితే తూమే మింగిందనుకుంటుంది. అది అడగడం మానేసి, కళ్ళు నలుపుకుంటూ నేరుగా చెంబు దగ్గరికి పోయే రోజు దాకా ఇక్కడే. ఆ తర్వాత సంగతి తర్వాత. గట్టు పొడిగుడ్డతో తుడుస్తున్నాను, రోజూ. తూము ఎవరు మూసినా మళ్ళీ తీస్తాను.

ఉన్నాను వదినా.

నీ మరిది,
శీను