సరుగుడు తోటలో అక్షరాలు

గెడ్డవలస,
భోగాపురం దగ్గర,
18 ఏప్రిల్ 1968.

ప్రభువునందు ప్రియమైన బావకు,

మీ రాహేలు వందనాలు. దేవుని కృప మన గుమ్మం దాటి పోలేదు, ఇంట్లో అందరం బాగున్నాం. సముద్రానికి ఆ ఒడ్డున, ఆ అండమాను దీవిలో మీరూ అలాగే ఉన్నారని నమ్మి ఇది రాస్తున్నాను. అత్త, మావ మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. దయామణి గడప మీద తల పెట్టి పడుకుంది. సముద్రం గాలికి కాగితం ఎగురుతుంటే మీ ఉలి ఒకటి బరువు పెట్టుకున్నాను.

మీ కవరు మట్టల ఆదివారానికి ముందు రోజు అందింది. విప్పగానే ఎర్రటి చిత్రిక పొట్టు చుట్టలు చుట్టలుగా ఒళ్ళో రాలింది. మీ మాటల కంటే ముందు ఆ కర్ర వాసన ఇంట్లోకి వచ్చింది. అత్త ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేటి కర్రే, మిరియాలు కలిపినట్టున్నాది!" అంది. దయ ఒక చుట్టను వేలికి ఉంగరంలా తొడుక్కుని ఊరంతా తిరిగింది. సాయంత్రానికి విరిగిపోతే ఏడవలేదు. "నానకి రాయమ్మా, ఇంకోటి సెక్కి పంపమని" అంది.

మర్నాడు గుడి నుంచి వచ్చి కాస్త నడుం వాల్చితే కల వచ్చింది. సముద్రమంతా ఒక పెద్ద చెక్క పలక. మీరు దాని మీద చిత్రిక పట్టుకుంటూ మన ఒడ్డుకు వస్తున్నారు. కెరటాలు పొట్టులా చుట్టుకుని రెండు పక్కలా పడుతున్నాయి. మీ చొక్కా రంగు కనబడేంత దగ్గరకు వచ్చారు. అంతలో మెలకువ వచ్చేసింది.

మీరు అడిగినవి రాస్తాను. అత్త మోకాలికి ఆముదం కాచి రాస్తున్నాను, కొంచెం నయం. ఇంటి మీద తాటాకు ఈ ఎండల్లోనే మారుస్తానని మావ అన్నాడు. మీ పనిముట్లకు కొబ్బరినూనె పూసి గుడ్డలో చుట్టి ఉంచాను. ఏదీ తుప్పు పట్టలేదు, బాడిశ పిడి మాత్రం వదులైంది. దయ మీ ముఖం మరిచిపోయిందా అని అడిగారు. ముఖం సంగతి నాకు తెలియదు గాని, మీరు ఎలా దగ్గుతారో చేసి చూపిస్తుంది. మావ కూడా నవ్వుతాడు.

ఇక బడి సంగతి. పిల్లను ఎందుకు ఇంట్లో పెట్టుకున్నావు, జూనులో విజయనగరం హాస్టల్లో వేసేద్దాం అని రాశారు. అత్త మీకు రాయించిన మాట నిజమే. మన ఊళ్ళో పాకబడి మూసేశాక బడి అంటే గెడ్డ అవతలే. మోకాలి లోతు లేని ఆ కాలవకు భయపడతావా అని మీరు నవ్వారు. నా భయం నీళ్ళకు కాదు బావా. అదేమిటో చివరికి రాస్తాను. ముందే రాస్తే నా చెయ్యి ముందుకు సాగదు.

ఇంట్లో నేనే చెబుతున్నాను. "నీ సదువు నాలుగు తరగతులు. అందులో ఒకటి జొరంతోనే పోనాది. దీనికేటి సెప్తావే?" అంటుంది అత్త. నిజమే. పలక పగిలిపోయింది. పాటల పుస్తకంలో అక్షరాలు చీమల్లా ఉంటాయి, దాని కంటికి నిలవవు. అయినా మాకు వేరే బడి దొరికింది.

పొయ్యిలోకి సరుగుడు తుక్కు ఏరడానికి సమాధుల తోటకు వెళతాం కదా. నేను తుక్కు పోగుచేస్తుంటే అది సమాధుల మీద నల్లరంగు పేర్ల వెంట వేలు తిప్పేది. ఒకరోజు, "ఇదేటమ్మా, పాములాగున్నాది?" అంది. "అది కూ" అన్నాను. గేటు పక్కన మొదటి సమాధి, కూర్మమ్మది. శ్రీకూర్మం నుంచి వచ్చి మన సంఘంలో కలిసిన మొదటి మనిషి ఆవిడే అంటారు. మా బడి ఆవిడ దగ్గర మొదలైంది. కూర్మమ్మ దగ్గర దీర్ఘం నేర్చుకుంది, గున్నమ్మ దగ్గర వత్తులు, దానియేలు తాత దగ్గర ఏత్వం. పైన సరుగుడు చెట్ల హోరు, కింద సముద్రం హోరు, ఏది ఏదో తెలియదు. ఆ రెంటి మధ్య పిల్ల గొంతు వింటుంటే పాఠం చదువుతున్నట్టు ఉండేది కాదు, నిద్రపోయినవాళ్ళను మెల్లగా పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఉండేది.

దానికి మాత్రం అవి చనిపోయినవాళ్ళ పేర్లు కావు. ఒకరోజు అన్నం తింటూ మావతో, "తాతా, నీ పేరు జోగయ్యలో ఒకటే వత్తు. ఎర్రన్న తాతకి రెండున్నాయి తెలుసా?" అంది. మావ ముద్ద మింగి, "ఆడు పోనాడు కదే, నానింకా ఉన్నాను. ఎల్లీలోపు ఇంకోటి సంపాదిస్తాన్లే" అన్నాడు.

ఆ తోటలో సముద్రం వైపు మూలన ఒక చిన్న గట్టు ఉంది. మన చిన్నవాడు అక్కడ ఉన్నాడు. దాని మీద అక్షరాలు లేవు. మా పాఠం అక్కడిదాకా వచ్చి ఆగేదని మాత్రం ఇప్పటికి రాస్తాను.

ఈ వేసవిలో మన యౌవనులు మంచి ఊపు మీద ఉన్నారు. విజయనగరంలో కాలేజీ చదువుతున్న చినబాబు, పాస్టరు అయ్యగారి అన్న కొడుకు, సెలవులకు వచ్చాడు. వచ్చిన దగ్గర నుంచి సాయంత్రం అయితే గుడిలో డోలకు మోగుతూనే ఉంది. పాటల అభ్యాసం, వాక్యాల పోటీ, ఆడపిల్లలకు వేరే కూటం. పాస్టరమ్మగారు నన్నూ పాటల్లో నిలబెట్టారు. నేను వెనక వరసలో పెదవులు కదుపుతాను. మీకు తెలిసిందే.

పునరుత్థాన పండుగ ఆరాధన తోటలోనే కదా. దానికి ముందు సమాధులకు సున్నం కొట్టడం ఎర్రన్న తాత పని. పేర్ల చుట్టూ కుంచె తిప్పి, అక్షరం మీద చుక్క పడకుండా కొట్టేవాడు. కిందటి వానల్లో ఆయనే పోయాడు. ఈ ఏడు మేం కొడతామని యౌవనులు బాల్చీలు పట్టుకుని శనివారం పొద్దున్నే వెళ్ళారు. పాడుకుంటూ కొట్టారు. ఎంత ఇష్టంగా కొట్టారంటే రెండేసి పూతలు. ఎండ చల్లబడ్డాక ఊరంతా చూడబోతే తోట పాలు పొంగినట్టు తెల్లగా ఉంది. చూడముచ్చటగా ఉంది. ఒక్క పేరు కూడా లేదు.

ముందు లక్ష్మణమ్మ వదిన గొంతెత్తింది. "ఒరే చినబాబూ, మాయమ్మేదిరా? మాయమ్మని ఎక్కడ కలిపీసినావురా?"

"ఇదే కదా పిన్నీ" అని చినబాబు ఒక సమాధి చూపించాడు.

పక్కనుంచి దానమ్మ, "అదేలాగవుతాది? అది మా మావ. మా మావ నెత్తి మీద మీయమ్మనెట్టకండి" అంది.

"మీ మావ తోటంతా కాళ్ళు సాపుకున్నాడేటి? బతికున్నప్పుడూ ఇంతే, అరుగంతా ఆడిదే!"

చినబాబు కనుబొమల మీద సున్నం, చేతిలో కుంచె. ఏడుపొకటే తక్కువ. మావ సంఘపెద్ద కదా, అందరూ ఆయన వైపు చూశారు. "సున్నానికి కళ్ళు లేవురా. మీకున్నాయి కదా" అన్నాడు మావ.

అప్పుడు దయ నా చెయ్యి వదిలించుకుంది. గేటు దగ్గరకు వెళ్ళి మొదటి సమాధి మీద అరచెయ్యి పెట్టి, "కూర్మమ్మ. ఇక్కడ దీర్ఘం" అంది. రెండో దాని మీద పెట్టి, "దానియేలు తాత. ఏత్వం గట్టిగా అనాల" అంది. రోజూ మేం నడిచే దారినే నడిచింది. చినబాబు బొగ్గుముక్కతో గుర్తులు పెడుతూ దాని వెనక, అతని వెనక ఊరు. లక్ష్మణమ్మ వదినను చూసి, "నువ్వు నిలుసున్నాది గున్నమ్మ కాదత్తా, ఇదిగో, ఇదీ గున్నమ్మ" అంది. వదిన అక్కడే కూలబడి తల్లి సమాధికి చెంప ఆనించి ఏడ్చింది. లేచేసరికి సగం ముఖం తెల్లగా ఉంది. దానమ్మ నవ్వింది, వదినా నవ్వింది. అందరం నవ్వుతూనే ఆ మూల వైపు వచ్చేశాం.

"దయా, ఇలా రా" అనబోయాను, పెదవులే కదిలాయి. అది ఆ చిన్న గట్టు మీద చెయ్యి పెట్టింది.

"ఇక్కడ ఉదయరాజు. మా తమ్ముడు."

దానమ్మ మెల్లగా, "దీని మీద ముందు కూడా ఏటీ రాయలేదు కదమ్మా" అంది.

"రాయలేదు" అంది దయ. "కానీ ఉన్నాది."

మావ నా వైపు తిరిగాడు. "ఎవులెట్టినారు?" అని అడిగాడు. పెళ్ళయిన దగ్గర నుంచి ఆయన ఎదుట నిలబడి నేను మాట్లాడింది లేదు. ఇసుక చూస్తూ, "నేనే మావా" అన్నాను.

చివరికి రాస్తానన్న మాట ఇదే బావా.

మీరు ఆ చిన్న పెట్టె చేసిన రోజు నుంచి మన ఇంట్లో వాడి ఊసు లేదు. సంఘం ముందు అయ్యగారి చేతుల్లో పెట్టి పేరు పెట్టించేలోపే పోయాడు. "పేరెట్టక ముందే పోనోడికి రాతేటి" అని మావ అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. మీరు పనిముట్లు వదిలేసి స్టీమరెక్కారు. ఏ ఉత్తరంలోనూ మీరు అడగలేదు, నేను రాయలేదు. అడిగింది దయ ఒక్కతే. ఒకరోజు ఆ గట్టు మీద వేలు తిప్పుతూ, "ఇక్కడేటి రాసున్నాదమ్మా?" అంది. ఏమీ లేదనబోయాను. తెల్లవారుతుంటే పుట్టాడు కదా వాడు, కిటికీలోంచి వెలుగు వాడి నుదుటి మీద పడటం గుర్తొచ్చింది. ఆ పేరు దానంతటదే నోట్లోకి వచ్చేసింది. నేను ఆలోచించి పెట్టినట్టు లేదు, ఎప్పటి నుంచో అక్కడ ఉన్నట్టే ఉంది. ఇసుకలో రాసి చూపించాను. ఉ అనే అక్షరం అది అక్కడే నేర్చుకుంది. సాయంత్రం గాలి దాన్ని చెరిపేసేది. మర్నాడు వెళ్ళి మళ్ళీ రాసేవాళ్ళం.

పేరు పెట్టడం తండ్రిది, తాతది. నేను మిమ్మల్ని అడగలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఒకడు నా చేతుల్లోనే చల్లబడిపోయాడు. దయను నా కంటి ముందు నుంచి కదలనివ్వలేకపోయాను. చదువు చెబుతున్నానని మీ అందరికీ చెప్పి దాన్ని దగ్గర దాచుకున్నాను. గెడ్డకు భయపడ్డానని మీరు అనుకున్నది అదీ.

ఆ రోజు నా జవాబు విని మావ భుజం మీద తువ్వాలు తీసి గట్టు మీద రాలిన తుక్కు దులిపాడు. చినబాబు పేర్లు తిరిగి రాయడానికి తెప్పించిన నల్లరంగు డబ్బా చూపించి, "ఇక్కడ రాయమంటారా?" అని మెల్లగా అడిగాడు. "రంగు డబ్బా ఇలాగియ్యి" అని మావ దాన్ని తనే పట్టుకుని పక్కన చతికిలబడ్డాడు. దయను ఒళ్ళోకి లాక్కుని, "ఈడు కాలేజీవోడు, తప్పు రాసినా రాస్తాడు. నువ్వు సూసుకోయే" అన్నాడు. తరువాత చినబాబుతో, "గుండ్రంగా రాయరా. సిన్నోడు కదా" అన్నాడు. అక్షరాలన్నీ అయ్యేదాకా డబ్బా ఆయన చేతిలోనే ఉంది. డబ్బా ఒరిగి కొంచెం రంగు పంచె మీద పడింది. ఆ పంచె ఉతకడానికి ఇంకా ఇవ్వలేదు.

ఇంటికి వచ్చాక అత్త గుమ్మం ఎక్కుతూ నా భుజం పట్టుకుని, "నానూ మనసులో ఆడికో పేరు అనుకున్నానే. బుజ్జియ్య. నువ్వు పెట్టిందే బాగున్నాది" అంది.

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే తోటకు వెళ్ళాం. కొవ్వొత్తులు గాలికి ఆరిపోతుంటే ఒకరి దగ్గర ఒకరు వెలిగించుకున్నాం. సముద్రం మీద ముందు బూడిద రంగు, తరువాత మీ చిత్రిక పొట్టు రంగు వచ్చింది. ఆ వెలుగు ముందు మూలన ఉన్న గట్టునే తాకింది. తెల్లటి సున్నం మీద నల్లటి పేరు. యౌవనులు పాట ఎత్తుకున్నారు. నేను పాడుతున్నానని నాకు తెలియలేదు. అమ్మగారు వెనక్కి తిరిగి చూశాకే తెలిసింది.

జూనులో దయను గెడ్డ అవతల బడికి పంపుతాను. ఒడ్డు వరకు నేను వెళతాను, నీళ్ళు తనే దాటుతుంది. హాస్టలు మాత్రం ఇప్పుడే వద్దు బావా, ఇంకో ఏడు ఆగండి. ఆదివారం మధ్యాహ్నాలు సంఘంలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పమని అమ్మగారు అడిగారు. సరే అన్నాను. పైకి వినబడేలాగే అన్నాను.

మీకు కోపం వస్తే దాచకుండా రాయండి. నాకొకటి తోస్తోంది. అత్త అనుకున్నట్టు మీరూ ఆ దీవిలో, ఆ ఎర్ర కర్ర చెక్కుతూ చెక్కుతూ, వాడికి ఏదో ఒక పేరు అనుకునే ఉంటారు. ఉంటే రాయండి, దయకు నేర్పిస్తాను. లేకపోతే ఈ పేరే ఒక్కసారి మీ చేత్తో రాసి పంపండి. అందరి క్షేమం అడిగే వరసలోనే, దయ పేరు పక్కన రాయండి చాలు. అది చదివి వినిపిస్తుంది.

ఇట్లు,
దయామణికీ ఉదయరాజుకూ అమ్మ,
మీ రాహేలు