బొంగురు తీగలు

మనవరాలు మిడతకి తాత దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న పొట్ట మరీ కులాసా. మీ అమ్మ ఎప్పట్లాగే నా మీద కస్సుబుస్సు. నా రాత చూసి నవ్వకు, నేను వెలగబెట్టిన నాలుగో తరగతికి ఇదే ఎక్కువ.

అడిగావుగా, మోకాలు పర్లేదు. మందులు వేసుకుంటున్నా. స్వీట్లు మానలేదు, మీ అమ్మతో అనకు.

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివా. ప్రపంచ టెన్నిస్‌లో ఆరొందల చిల్లర నంబరు దానివి. చవక గదిలో ఇంకో పిల్లతో మంచం పంచుకుని, బకెట్లో బట్టలు జాడించుకుని, మొదటి రౌండ్లోనే ఓడి మళ్లీ బస్సెక్కినా, ఇన్నేళ్లూ నవ్వుతూనే రాశావు. ఈసారేమో, "తాతా, గట్టిగా కొడితే చాలు, బంతి గీత దాటిపోతోంది. చెయ్యి అదుపు తప్పింది. వచ్చే పోటీతో ఆపేసి, పిల్లలకి ఆట నేర్పే ఉద్యోగంలో చేరిపోతా. నువ్వు బిగించిన తీగల్లో లోపం లేదులే, అంతా నా చేతిదే" అన్నావు.

ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయానే.

మొన్న, నువ్వు వదిలెళ్లిన రెండు రాకెట్లకి గట్టింగు వేస్తున్నా, అదే, కొత్త తీగలు అల్లుతున్నా. నా సంగతి తెలుసుగా, బిగువు చూపించే ఆ పాత మిషను ముల్లుని నమ్మను. తీగ బిగించి, గోరుతో మీటి, చెవి దగ్గర పెట్టుకుంటా. ఖంగుమంటే సరి. మీ అమ్మ కాఫీ తెచ్చింది.

"విను అమ్మాయ్, ఎలా ఖంగుమంటోందో!" అన్నా గొప్పగా.

"ఖంగా? జలుబు చేసిన గొంతులా ఉంది మామయ్యా."

"నీకు చెవుడు."

"నాకా? నిన్న కుక్కర్ కూసి కూసి మాడిపోయింది, పక్కనే కూర్చుని పేపర్ చదువుకున్నారు. అలిగారనుకున్నా!"

డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. చాన్నాళ్లుగా చెవులు మందగిస్తున్నాయట. అందుకే నేను నీ ఫోన్లకి "ఆ, ఆ" అని బుకాయించేది. రాకెట్ల బిగువు దుకాణంలో కొలిపించా. వదులు. బాగా వదులు. నాకు వినబడేది తీగ కాదే, పాత జ్ఞాపకం. కొంచెం కొంచెంగా వదులైపోయాయి, అందుకే నీకూ తెలీలేదు. వదులు తీగ బంతిని విసిరేస్తుంది. తప్పు నీ చేతిది కాదు మిడతా, నాది.

నీ ఆటలో నాకున్న వాటా ఆ తీగలే. రెండు రాకెట్లవీ నేనే కోసేశా. ఉత్త ఫ్రేములు పంపుతున్నా. నీ దగ్గరున్న రాకెట్లవి నువ్వే కోసెయ్. మొహమాటపడకు. అక్కడెవరిచేతైనా మంచి మిషను మీద కొత్తవి వేయించుకో.

ఆ ఉద్యోగం వద్దనను. ముందు ఈ ఒక్క పోటీ ఆడు. ఓడితే నీ చేతుల్తో ఓడిపో తల్లీ, నా చెవుల్తో వద్దు.

ఇట్లు,
ఎంత అరిచినా పలకని నీ తాత