కొంగున ముడేసిన ఫ్యూజు

మీరు పోయి నేటికి ఏడాది. సంగారెడ్డి బజారులో రహీం భాయ్ బేకరీ కరెంటు పొయ్యి వేడెక్కడం లేదంటే, మీ టెస్టు బల్బు పట్టుకుని నేనే వెళ్లాను.

ఎవరూ పొరపాటున కరెంటు పెట్టకుండా మీరు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవారు కదా. నేను కొంగున ముడేసుకున్నాను. కాయిల్ తీగలు విప్పి, పక్క ప్లగ్గు నుంచి కాయిల్ మీదుగా బల్బుకి కరెంటిస్తే వెలగలేదు. కాయిల్ తెగింది. కొత్త కాయిల్‌నీ మీలాగే ముందు బల్బు పెట్టి చూశాకే బిగించాను. ఎంత జాగ్రత్త మనిషండీ మీరు!

సంబరంగా ఇంటికొచ్చేసరికి వెనకే రహీం భాయ్ పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, పొయ్యి ఇంక సల్లగనే ఉంది! ఫ్యూజు ఏడ పెట్టినవ్?"

కొంగు చూసుకున్నాను. అతను పగలబడి నవ్వాడు.

"అన్న గూడ గిట్లనే జేబుల ఏస్కొని ఇంటికి పోతుండె!"

ఇన్నేళ్లూ ఆ సంగతి నాకు చెప్పనేలేదు మీరు. చెప్పకుండానే నేర్పేశారు.