ఆయన వేళ్లు

అక్కా,

మన దవాఖానాలో వైద్యం ఎట్లా ఉందో చూడటానికి నిన్న ఖమ్మం నుంచి ఆఫీసరు వచ్చాడు. అడవిలో తునికాకు కోసే పని మానుకుని నేనూ వెళ్లాను. వరండాలో ఉన్న గూడెం వాళ్లందరినీ ఆఫీసరు అడిగితే, "మంచిగనే చూస్తరు సారూ" అన్నారు. దూరం నుంచి వచ్చిన మనిషిని నొప్పించకూడదని మనవాళ్ల మర్యాద. నాకు ఒళ్లు మండింది.

"మా అక్క జరంతోని వస్తే డాక్టరు సారు కిటికీలకెల్లి గోలీలిచ్చిండు. చెయ్యి పట్టి సూడలే. ఇల్లు చేరకముందే పానం పోయింది" అన్నాను.

డాక్టరు గబగబా వచ్చి, ఆఫీసరు ముందే నా మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. "నీకేం రోగం లేదు, గుండులెక్క ఉన్నవ్" అన్నాడు.

ఆ కిటికీలోంచి నువ్వు చాపిన చెయ్యి గుర్తొచ్చింది. ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయక్కా. కాలిపోతున్న నీ ఒంటికి ఎంత హాయిగా ఉండేవో.